తిట్టిన వల

మా మనవరాలు రేవతి ఇంటర్నెట్టులో చేపల వలల గురించి రాస్తుంది. అది చదివి, అక్కడే నొక్కి వల కొంటే తనకు కమిషన్. చదివేవాళ్ళు బోలెడు. కొనేవాడు ఒక్కడూ లేడు.

"ఈ నెల కూడా ఎవరూ కొనకపోతే కంపెనీవాళ్ళు నన్ను తీసేస్తారు తాతా," అంది దిగులుగా, ఓ కొత్త వల నా చేతిలో పెట్టి.

మా ఊరి కృత్తివెన్ను కాలవలో వేసి చూసి, తెచ్చి రేవతి ముందు పడేశాను.

"దీన్నా నువ్వు అద్భుతం, అమోఘం అని రాసింది? పీతలు తప్ప చేపపిల్ల కూడా చిక్కదే దీనికి. చెత్త వల!"

వారం తిరక్కుండా రేవతి గంతులేస్తూ వచ్చింది. వలలు తెగ అమ్ముడయ్యాయట.

"ఎవరే ఆ వెర్రివాళ్ళు?"

"పీతలు పట్టేవాళ్ళు! నీ తిట్టు ఉన్నదున్నట్టు రాశాను. ఇదిగో, ఈ వలని కూడా తిట్టు తాతా."

వేసి చూశాను. "బంగారంలాంటి వలే ఇది!" అన్నాను.

అదీ ఉన్నదున్నట్టే రాసింది. ఇంతవరకు ఒక్కడూ కొనలేదు.