బావగారి ముచ్చట

“తలుపు మూశాక మధ్యలో వెనక్కి రావడం కుదరదు. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పేయండి,” అంది గైడ్.

నరసింహ చెయ్యి సగం దాకా లేచింది. పక్కనే పరంధామయ్య నవ్వుతూ నిలబడి ఉన్నాడు. లేపిన చేత్తో తల గోక్కున్నాడు నరసింహ.

తప్పంతా తనదే. పరంధామయ్య కాబోయే వియ్యంకుడు. తన కూతురు చరితకీ, ఆయన కొడుకు మానవ్‌కీ ఆదివారం ఇక్కడ అమెరికాలో, నరసింహ ఉండే ఆష్‌బర్న్‌లో నిశ్చితార్థం. పరంధామయ్య వాళ్లుండే బెంటన్‌విల్ నుంచి విమానంలో మూడు గంటల దారి. ఆయన మాత్రం దేశం చూసుకుంటూ వస్తానని రెండు రోజులు కారు నడుపుకుంటూ వచ్చాడు. అంత సరదా మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏం బాగుంటుంది? “రెండో ప్రపంచ యుద్ధం నాటి సొరంగాలున్నాయి బావగారూ, చూస్తారా?” అని మాటవరసకి అడిగాడు నరసింహ.

ఆయన ఒక్క క్షణం ఆగి, “అంతకంటేనా!” అన్నాడు.

నరసింహేమో బాత్రూమ్‌లో గడియ పెట్టుకోవాలన్నా భయపడే మనిషి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు వియ్యంకుడి ముందు కుప్పకూలితే? తండ్రే ఇలా ఉంటే పిల్లకి ఇంకెన్ని ఉన్నాయోనని వాళ్లు వెనక్కి తగ్గితే? చరిత మొహం ఎలా చూడగలడు?

వెనక ఇనప తలుపు మూసుకుంది.

ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు. తల వంచకపోతే కాంక్రీటు తగులుతుంది. ఒకప్పుడు ఫిరంగి గుండ్లు దాచిన చోటట. గుండ్లకి బాగానే ఉండి ఉంటుంది. నరసింహ అరచేతులు తడిసిపోయాయి. లోపల గాలి ఉందని తెలుసు, తన దాకా మాత్రం రావడం లేదు.

పరంధామయ్య హుషారు చూస్తే ఒళ్లు మండింది. ఒక్క బోర్డు వైపూ కన్నెత్తి చూడకుండా గైడ్ కంటే ముందు నడుస్తున్నాడు. ఇంకా ఎంత దూరం ఉందని ఆమెని మూడుసార్లు అడిగాడు. ఈ మహానుభావుడికి చూసింది చాలలేదు కాబోలని నరసింహకి ఏడుపొచ్చింది.

మధ్యలో గైడ్ ఆగింది. “ఆ రోజుల్లో కరెంటు తీసేస్తే ఎలా ఉండేదో చూద్దాం. ఒక్క నిమిషమే,” అని లైట్లు ఆర్పేసింది.

గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది. అరుద్దామని నోరు తెరిచాడు నరసింహ. చరిత గుర్తొచ్చి మూసుకున్నాడు. ఇంతలో పరంధామయ్య చెయ్యి వెతుక్కుంటూ వచ్చి అతని చేతిని గట్టిగా పట్టుకుంది.

“ఎలా ఉంది బావగారూ?”

“అద్భుతం,” అన్నాడు నరసింహ. ఉన్న ఊపిరంతా ఆ మాటకే సరిపోయింది.

“అవునవును. అద్భుతం.”

ఎట్టకేలకు బయటి వెలుతురు కనిపించింది. నరసింహ ఇంకా రొప్పుతూనే ఉన్నాడు, గైడ్ మళ్లీ మొదలుపెట్టింది. “ఇదే టికెట్ మీద కింది సొరంగం కూడా చూడొచ్చు. అది ఇంకా ఇరుకు. పది నిమిషాల్లో బయల్దేరతాం.”

ఊరుకుంటే సరిపోయేది. మర్యాద ఊరుకోనివ్వలేదు.

“వెళ్దామా బావగారూ?”

“మీరెలా అంటే అలా,” అన్నాడు పరంధామయ్య.

ఇక తప్పదు. నరసింహ కాళ్లీడ్చుకుంటూ మంచినీళ్ల కోసం కారు దగ్గరికి వెళ్లాడు. సీసా పట్టుకుని తిరిగొస్తుంటే, గోడ చాటున పరంధామయ్య భార్యతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

“లిఫ్టు కూడా ఎక్కలేనివాణ్ణని తెలిస్తే సంబంధం ఎక్కడ వద్దంటారోనని కళ్లు మూసుకుని ఒకటి దాటానే, ఇప్పుడీ మనిషి ఇంకో దాంట్లోకి పోదామంటున్నాడు!”