తువ్వాలు కింద బేరం

"మూడు వేళ్ళు దాటావంటే నువ్వు వ్యాపారివే కాదు పాండురంగం" అని తనకు తానే చెప్పుకుని, పాండురంగారావు తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చాడు. తోట యజమాని లక్ష్మీనరసింహారావు చెయ్యి అప్పటికే అక్కడ ఉంది.

విస్సన్నపేట దారిలో ఎనిమిదెకరాల రసాల మామిడి తోట. మూడేళ్ళ గుత్త. ఏడాదికి ఇరవై వేలు అని పైకే అనుకున్నారు. ఆ పైన ఎంత అన్నది మాత్రం పక్కవాళ్ళకి తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళతోనే తేలాలి. వేలికి వెయ్యి. అరచెయ్యంతా పట్టుకుంటే అయిదు. బ్రోకరు అప్పారావు తువ్వాలు తీసేశాక ఇక మాట మార్చకూడదు.

బేరంలో పాండురంగారావు మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరని నూజివీడంతా చెప్పుకుంటుంది. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది తనే.

పాండురంగారావు రెండు వేళ్ళు నొక్కాడు. సరిగ్గా అప్పుడే చెవుల్లో సెగ మొదలై, మెడకి దిగి, బుగ్గలకి పాకి, మొహమంతా ఎర్రబడింది.

కొలెస్ట్రాలుకి బెజవాడ డాక్టరు రాసిన నియాసిన్ మాత్ర చేసిన పని అది. కడుపునిండా తిన్నాకే వేసుకోవాలని, లేకపోతే ఒళ్ళు మండి దురదలు పెడుతుందని డాక్టరు ఒకసారి చెప్పాడు, భార్య కామేశ్వరి రోజూ చెబుతోంది. ఖాళీ కడుపునైతే మందు సూటిగా నెత్తుట్లోకి పోతుందని పాండురంగారావు సొంత వైద్యం. బస్సు దిగి, సోడాతో మింగి అరగంటయింది. 'పళ్ళ కొట్టు బోర్డు పక్కన ఇంకోటి రాయించి ఆసుపత్రి కూడా పెట్టు' అని తనని తానే దెప్పుకున్నాడు.

బయట చెట్లకి పాదులు చేస్తున్న కూలి మంగమ్మ పార ఆపి, వాళ్ళు కూర్చున్న మోటారు షెడ్డులోకి తొంగి చూసింది. "ఇదేం చోద్యం అప్పారావు బాబూ! కాయ ఇంకా పిందెలోనే ఉంది, షావుకారు గారు అప్పుడే పండిపోయారు!"

"ఎండ" అన్నాడు పాండురంగారావు.

"షెడ్డులో ఎండేంటండీ?" అన్నాడు అప్పారావు.

"పొద్దున్న పచ్చట్లో కారం ఎక్కువైందిలే."

లక్ష్మీనరసింహారావు తలపాగా కొసతో మెడ తుడుచుకుని, ఎడం చేత్తో చెంబెత్తి గటగటా నీళ్ళు తాగాడు. చెంబు దించి, పాండురంగారావు వేళ్ళు మూడు పట్టుకున్నాడు.

మూడే! పాండురంగారావు గుండె గంతేసింది. సరేనని ఆయన వేళ్ళు మూడూ నొక్కబోయేలోపు, అవతలి చెయ్యి అరచేతినంతా పట్టేసి గట్టిగా రుద్దింది.

అయిదా! ఇప్పుడే మూడు అడిగిన మనిషి ఇంతలోనే రెండు పెంచుతాడా?

చెయ్యి లాక్కోబోయాడు. కానీ అరచేతిలో చీమలపుట్ట పగిలినట్టుగా ఉంది. ఆ పెద్దాయన వేళ్ళ కణుపులు దానికి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు మూసుకుని, ఆ చేతినంతా ఒడిసిపట్టి, పైకీ కిందకీ నాలుగుసార్లు రుద్దేశాడు.

చేతులు పెనవేసుకోవడం చూసి "ఖాయం!" అంటూ అప్పారావు తువ్వాలు లాగేశాడు.

పాండురంగారావు కళ్ళు తెరిచాడు. నోరు మూసుకుంటే మూడేళ్ళ నష్టం. తెరిస్తే ఈ రోగిష్టివాడికి తోట ఇవ్వనంటారు. పైగా సాయంత్రానికల్లా హనుమాన్ జంక్షన్ దాకా నవ్వుతారు. అయిదుకి కొన్నా ఎలాగూ నవ్వేదే కదా అనుకున్నాడు.

"అయ్యా, నేను అయిదుకి ఒప్పుకోలేదండీ" అన్నాడు. "గోక్కున్నాను."

"గోక్కున్నారా?" అప్పారావు నోరు తెరిచాడు.

"గుండెకి మంచిదని మాత్ర ఇచ్చారు. ఒళ్ళంతా దురద. మీ చెయ్యి అందుబాటులో ఉందని..."

"ముప్ఫై ఏళ్ళ సర్వీసండీ మీది! బేరానికీ గోకుడికీ తేడా తెలీదా?"

"నాకు తెలుసు. చేతికి తెలీలేదు."

బయట మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లక్ష్మీనరసింహారావు మాత్రం నవ్వలేదు. తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"తెల్ల మాత్రేనా అండీ? గుండ్రంగా ఉంటుందా?"

"అవునండీ."

"ఏమీ తినకుండా వేసుకున్నారా?"

"అవునండీ" అన్నాడు పాండురంగారావు తల దించుకుని.

"నేను అడిగింది మూడేనండీ" అన్నాడు లక్ష్మీనరసింహారావు అరచెయ్యి పంచెకి రాసుకుంటూ. "మిగతా రెండూ నా మాత్ర అడిగింది."