పగటి ట్రిప్పు

"ఇక చాలు నాయనా. అది ఇత్తడి, ఇనుము కాదు."

గోడవార పాత టైరు మీద కూర్చున్న పెద్దాయన మళ్లీ అన్నాడు.

లారీ డ్రైవరుకి ఒళ్లు మండింది.

ఆయనెవరో ఏమిటో తెలియదు. లారీ గోడవతల ఆపి, టెయిల్ లైటు బల్బు కోసం షెడ్డులోకి వచ్చాడు. బల్బు తీసుకుని వెళ్లొచ్చుగా! పిలవని పేరంటంలా కూర్చుని ఒకటే సలహాలు.

"బండి నాది, స్పానరు నాది. మధ్యలో నీకేం నొప్పి పెద్దాయనా?"

"నాక్కాదు, దానికి నొప్పి" అన్నాడాయన ఇంజను వైపు చూపించి.

బండి కింద పడుకుని కొత్త ఫిల్టరు డబ్బాని చాసిస్‌కి బిగిస్తున్న మెకానిక్కు కిసుక్కున నవ్వాడు.

ఏ బండికైనా ఆయిల్ ఫిల్టరు ఒకటి ఎటూ ఉంటుంది. ఇది రెండోది, బైపాస్ ఫిల్టరు. ఇంజనుకి దూరంగా కూర్చుని, సన్నటి పైపులోంచి కొంచెం కొంచెంగా ఆయిల్ తీసుకుని, మసినంతా వడకట్టి వెనక్కి పంపుతుంది. పాల డిపో బళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంజను ఆపకుండా తిరగాలి. అందుకే ఈ ఫిల్టరు లేని బండిని డిపో వాళ్లు గేటు లోపలికి రానివ్వడం లేదు.

"అంత ఆత్రం దేనికి నాయనా?"

"డిపోలో ఒక్క ఖాళీ మిగిలింది. ఐదింటికి బండి చూపించాలి."

"ఇది పోతే ఇంకోటి దొరకదా?"

"దొరుకుతుంది, మళ్లీ రాత్రి లోడే!"

డ్రైవరు స్పానరు ఆపాడు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాడు.

"తల్లి లేని పిల్ల, మా అక్క దగ్గర పెరుగుతోంది. ఎప్పుడో ఓ పూట వెళ్లి చూసొస్తాను. మొన్న వెళ్తే తలుపు తీసి, 'అత్తా, లారీ ఆయన వచ్చాడు' అని లోపలికి పరిగెత్తింది. నాన్న అనలేదు."

డ్రైవరు మళ్లీ స్పానరు బిగించి పట్టుకున్నాడు.

"పగటి ట్రిప్పయితే రోజూ దీపాల వేళకి ఇంట్లో ఉంటాను. ఆ ఖాళీ కోసం ఇంకెవడో కూడా తిరుగుతున్నాడట. వాడి టైర్లు పేలిపోను!"

"ముందువా, వెనకవా?"

"అన్నీ! స్టెప్నీతో సహా!"

పెద్దాయన పకపకా నవ్వాడు.

డ్రైవరు కోపమంతా స్పానరు మీదికి వెళ్లింది. ఇంకొక్క చుట్టు తిప్పాడు.

టక్‌మంది.

ఇంజనుకి బిగిస్తున్న మూడు నోళ్ల ఇత్తడి ముక్క, టీ జాయింటు, నిలువునా చీలింది. ఆయిల్ ఇంజనులోంచి ఫిల్టరు పైపులోకి వెళ్లాల్సింది దాని గుండానే.

మెకానిక్కు బండి కింద నుంచి బయటికొచ్చి చూశాడు.

"ఆత్రపు పెళ్లికొడుకు అత్త మెడలో తాళి కట్టాడట! నేను బిగిస్తానంటే విన్నావా?"

"ఇంకోటి వెయ్యి మేస్త్రీ!"

"కిట్టులో వచ్చింది ఇదొక్కటే. ఈ సైజు మరచుట్లున్నది బజార్లో దొరకదు. రేపు తెప్పిస్తా."

"రేపెందుకు? నా తలకొట్టుకోడానికా?"

డ్రైవరు నేలమీద కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

పెద్దాయన లేచాడు.

"నా బండిలో అలాంటిదేదో పడుండాలి. చూసొస్తా."

వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు.

"సలహాలు అయిపోయినట్టున్నాయి. ఇంటికి పోయుంటాడు" అన్నాడు డ్రైవరు చేదుగా.

చివరికి వచ్చాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా ఆయిల్. వేళ్ల మీద ఊదుకుంటున్నాడు. గుడ్డలో చుట్టిన టీ జాయింటు మెకానిక్కు చేతిలో పెట్టాడు.

"ఇది వేడిగా ఉందేంటి?" అన్నాడు మెకానిక్కు.

"ఎండలో పడుందిలే."

మెకానిక్కు ఇంకేదో అడగబోయాడు.

"కబుర్లు తర్వాత, ముందు బిగించు మేస్త్రీ!" అని డ్రైవరు తొందరపెట్టాడు.

ఈసారి స్పానరు మెకానిక్కే పట్టుకున్నాడు. ఎంతలో ఆపాలో అంతలో ఆపాడు. పైపు తగిలించి ఇంజను స్టార్టు చేయించాడు. ఎక్కడా చుక్క కారలేదు. కాసేపటికి ఫిల్టరు డబ్బా మీద చెయ్యి వేసి చూశాడు.

"వెచ్చబడింది. ఆయిల్ తిరుగుతోంది. ఇక పో!"

డ్రైవరు ఎగిరి సీట్లో కూర్చున్నాడు. షెడ్డు గేటు దాటాక గుర్తొచ్చింది, పెద్దాయనకి ఒక్క మంచి మాటైనా చెప్పలేదని. గోడవతల చూస్తే లారీ లేదు. ఎక్కడికి పోతాడు, ఎప్పుడో రోడ్డు మీద కలుస్తాడులే అనుకున్నాడు.

డిపోలో ఇన్‌స్పెక్టరు వంగి ఫిల్టరు చూశాడు, పైపులు లాగి చూశాడు.

"బాగుంది. రేపట్నుంచి వచ్చెయ్."

డ్రైవరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ రాత్రే అక్క ఇంటికి వెళ్లి పిల్లని తెచ్చుకోవాలనిపించింది.

"సార్, ఈ ఖాళీకి ఇంకొకాయన ఉన్నాడన్నారు, రాలేదా?"

"ఇందాకే వచ్చాడు. బండి సిద్ధంగా లేదు, నా పేరు కొట్టెయ్యండి అని చెప్పి వెళ్లిపోయాడు."

"బతికించాడు మహానుభావుడు!"

"నిజానికి ఆయనకే ఇద్దామనుకున్నాను. రాత్రిళ్లు ఎదురు లైట్లకి కళ్లు ఆగట్లేదట, పాపం. పగటి ట్రిప్పు దొరక్కపోతే ఇక స్టీరింగు వదిలెయ్యడమే అని ఎన్నాళ్ల నుంచో నా చుట్టూ తిరుగుతున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు చేతులు తుడుచుకుంటూ. "పొద్దున నేను చూసినప్పుడు ఫిల్టరు చక్కగా బిగించే ఉంది, టెయిల్ లైటు ఒక్కటే వెలగలేదు. ఇంతలోనే టీ జాయింటు ఎక్కడ పారేసుకున్నాడో ఏమో!"