మట్టిబుర్రల బజారు

మా మేడమ్ నాకిచ్చిన పని చెప్పడానికి తేలిక. కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి బజారు, అందులో వ్యాపారులంతా ప్రోగ్రాములే. ఎవరికెంత తెలివి పెట్టాలో నేను నిర్ణయిస్తాను. తెలివైనవాళ్ళు పాత ధరలు గుర్తుపెట్టుకుని లెక్కలు వేస్తారు. మట్టిబుర్రలకు ఏదీ గుర్తుండదు, గుడ్డిగా కొంటారు, అమ్ముతారు. ఈ రాత్రి అందరినీ మట్టిబుర్రలుగానే పెట్టాను. పొద్దున్నకల్లా ఫలితాలు పంపకపోతే ఉద్యోగం ఉండదు.

"మట్టిబుర్రకి కాపలా కాయాలంటే నేను లేనా? వచ్చి పడుకో," అన్నారు మావారు పడకగదిలోంచి.

నవ్వే ఓపిక లేదు. బేరాలు ఎప్పుడో ఆగిపోయాయి. అయినా కంప్యూటర్ లోపలి ఫ్యాన్ మాత్రం, తెలివైనవాళ్ళు లెక్కలు వేస్తున్నప్పటిలా హోరుమంటోంది.

విసుగొచ్చి, ఆపేసి మళ్ళీ మొదలుపెడదామని స్విచ్ వైపు చెయ్యి చాపాను. తెరంతా ఎర్రబడింది. అందరూ ఒక్కసారిగా ఉన్నదంతా అమ్మకానికి పెట్టేశారు, మునిగే బజారులోంచి పారిపోతున్నట్టు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమ్మకాలన్నీ రద్దయ్యాయి.

మళ్ళీ చాపాను. మళ్ళీ అంతే. నన్ను చూడ్డానికి ఆ కంప్యూటర్‌కు కెమెరా కూడా లేదు.

ఉద్యోగం పోతే పోయింది, దీన్ని ఆపనులే అనుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఫ్యాన్ నెమ్మదించింది. చాలాసేపు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

ఉన్నట్టుండి తెర ఎర్రబడింది. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

ఆ తర్వాత, పడకగదిలో మంచం కిర్రుమంది.

"నీ వల్ల కాదు గానీ, ఉండు, నేనొచ్చి ఆ కంప్యూటర్ కట్టేస్తా," అన్నారు మావారు.