పుట్టని నక్షత్రం

ఆ వాయుమేఘం తన బరువుకు తానే కుంగి ఏనాటికో నక్షత్రమవుతుందని కోటిరత్నానికి తెలుసు. అయినా దాని చుట్టూ కాపురముంటున్న వేల ఓడలవాళ్లలాగే ఆమె కూడా పొయ్యికీ వెచ్చదనానికీ ఆ వాయువునే తోడుకుంటూ వచ్చింది.

ఆ ఉదయం మేఘాన్ని కొలిచిన యాకూబు పెదవి విరిచాడు. “బరువు చాలదక్కా. ఇక ఇది చెదిరిపోవడమే.”

“ఇప్పుడు తోడటం ఆపేస్తే?”

“పదేళ్ల కిందట ఆపుంటే పుట్టేదే.”

పదేళ్ల కిందట ఆపుదామా అని అన్ని ఓడల్లోనూ అడిగారు. జ్వరంతో వణుకుతున్న కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, వద్దని చెయ్యెత్తినవాళ్లలో కోటిరత్నం ఒకతె.

ఆమె లేచి వాయువు తోడే పంపు కట్టేసింది. కిటికీ అవతలి చీకటిని చూస్తూ చాలాసేపు నిలబడింది.

“అమ్మా, చలేస్తోందే!” లోపలినుంచి కూతురు పిలిచింది.

కోటిరత్నం కళ్లు తుడుచుకుని మళ్లీ పంపు తిప్పింది.