చప్పబడ్డ మాతే

ఎల్బియో అందించిన సొరబుర్రలోంచి ఒక గుక్క పీల్చి ముసలావిడ మొహం చిట్లించింది.

"ఇది మాతే కాదు నాయనా, ఆకు కడిగిన నీళ్ళు."

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. మోంటెవిడియోలో మాతే అనే చేదాకు కషాయం ఒకే బుర్రలో అందరికీ తిరుగుతుంది; అది చేతికొస్తే తాగి, నోరు మూసుకుని తిరిగివ్వడమే మర్యాద.

"ఇంతకీ మీరెవరండీ?" ఎల్బియో చెవులు ఎర్రబడ్డాయి.

"దారిన పోతున్నాను, తలుపు తీసి ఉంది. మీ పని కానివ్వండి."

ఆవేళ ఆ క్లబ్బులో తేలాల్సింది ఓంబూ సంగతి. ఓంబూ ఒక కంప్యూటర్ భాష; దాని నిబంధనలు మార్చాలంటే ఈ క్లబ్బువాళ్ళు ఓటెయ్యాలి. అందులో రాసిన ప్రోగ్రాముకు ఏదైనా లెక్క అందకపోతే సున్నా అనేసుకుని, కిక్కురుమనకుండా ముందుకు పోతుంది. క్లబ్బులో ఒకతె అయిన హిమేనా వాళ్ళ ఊళ్ళో నీళ్ళ ప్లాంటు మీటరు పాడైనప్పుడు అదే జరిగింది. మురికి సున్నా అనుకుని ప్రోగ్రాము నీళ్ళు వదిలేసింది. ఊరు ఊరంతా మంచాన పడింది. ఆమె తమ్ముడు ఇంకా లేవలేదు.

"తప్పు జరిగితే ప్రోగ్రాము ఆగాలి, అరవాలి. నేనడిగేది అంతే," అంది హిమేనా.

"అరుస్తుంది తల్లీ, బ్రహ్మాండంగా అరుస్తుంది!" ఎల్బియో నవ్వాడు. "పాత ప్రోగ్రాములన్నీ ఆగి కూచుంటే వాటితో నడిచే బస్సులు నువ్వు తోస్తావా? తేరోగారు మొదటిరోజే చెప్పాడు, నిన్న నడిచింది రేపూ నడవాలని!"

తేరో అంటే ఓంబూను పుట్టించిన మనిషి. ఆ మారుపేరు తప్ప మొహం ఎవరూ ఎరగరు. మాట మాత్రం అందరికీ వేదవాక్కు.

తలలన్నీ ఊగాయి. హిమేనా కళ్ళు దించుకుంది.

"బాబూ, ఈ మాతే వీళ్ళంతా తాగారా?" ముసలావిడ అడిగింది.

"తాగారు."

"బాలేదని ఎవరూ అనలేదా?"

"లేదు."

"అందుకే ఇంకా అదే పోస్తున్నావు. మీ ఓంబూకీ ఇదే మొహమాటం."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి ఆగిపోయే ప్రోగ్రాముల మాటేమిటండీ?" అన్నాడు ఎల్బియో.

"ఆగనీ. ఆగితేనే కదా తప్పెక్కడో తెలిసేది! రాసినవాళ్ళు కూచుని బాగు చేస్తారు. మొదటి చేదు గుక్క పోసినవాడే మింగాలని మీ అమ్మ నేర్పలేదూ? మనమేమో దాన్ని ఈ పిల్ల తమ్ముడి చేత తాగించాం."



వెనక వరసలో హిమేనా మాటకు ఓటుగా ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తూండగానే ఎల్బియో తప్ప అందరి చేతులూ లేచాయి.

క్లబ్బు రేకులు ఎగిరిపోయేలా కేకలు! హిమేనా ఏడుస్తూనే నవ్వేసింది. ఇన్నాళ్ళకు ఆమె మాట నెగ్గింది.

"అప్పుడే సంబరపడకండి," అన్నాడు ఎల్బియో. "చివరి ముద్ర తేరోగారిది. ఆయన మాట ఆయనే కొట్టేసుకుంటాడా?"

దణ్ణం పెడదామని హిమేనా వెనక్కి తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఆవిడ ఎక్కిన బస్సు మలుపు తిరుగుతోంది.

అప్పుడే గోడమీది తెర టింగుమంది.

కొత్త నిబంధన పక్కన తేరో ముద్ర పచ్చగా వెలిగింది. దాని కింద ఇలా ఉంది:

"మొదటి చేదు గుక్క నాదే. ఎల్బియో, ఇప్పటికైనా ఆ ఆకు మార్చు నాయనా."