నరహరి అండ్ బ్రదర్

"నన్ను మా అన్న చంకల ఎందుకు పెట్టినవు?" అన్నాడు శ్రీపాద, కంప్యూటర్ తెర ఎడమ పక్కన వేలు పెట్టి.

లాడ్ బజార్‌లోని ఆ గాజుల కొట్టుకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికొచ్చిన ఫణికి తన తప్పేమిటో అర్థం కాలేదు. ఎవరు చూసే సరుకు వాళ్ళ పేరు కింద ఉండే జాబితాలో పైన 'నరహరి'. దాని కింద, కాస్త లోపలికి జరిగి, 'బ్రదర్'.

"బయట బోర్డు మీద ఉన్నట్టే పెట్టానండీ."

"తమ్ముడన్నంక లోపల్నే ఉంటడు," అంటూ నరహరి పాన్ నములుతూ నవ్వాడు. "నా పేరు పక్కన గీ ముక్కోణం ఏంది?"

"నొక్కితే మీ కింద ఉన్నవన్నీ మూసుకుపోతాయి సార్."

నరహరి నొక్కాడు. లక్క గాజుల సరుకంతటితో సహా తమ్ముడు మాయమయ్యాడు.

"సూసినవా అన్నా," అన్నాడు శ్రీపాద మెల్లగా. "పొద్దుగాల షట్టర్ లేపేది నేను, గిరాకీతోని లొల్లి పడేది నేను. పేరడిగితే బ్రదర్."

నరహరి మళ్ళీ నొక్కాడు. తమ్ముడు వచ్చాడు. ఇంకోసారి నొక్కాడు. పోయాడు. పాన్ నమలడం ఆగింది.

"వీణ్ని బయటికి గుంజు. నాకు సమానంగ పెట్టు."

"ఏం పేరు రాయమంటారు?"

"శ్రీపాద."

కొట్టు బయట బోర్డు వైపు కాసేపు చూశాడు నరహరి.

"శ్రీపాదా, నిచ్చెన..." అని ఆగి, తనే లేచాడు.